బొమ్మను ఎంతసేపు దాచగలం?

(జిల్లా ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయుల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. భోజనాల తర్వాత మొదటి ఉపన్యాసం నాకిచ్చారు. నిర్వాహకులకు నా మీద ఉన్నది నమ్మకమో కోపమో తెలియదు. వెనక వరుసల్లో ఉన్నవారు దయచేసి ముందుకు రండి. తెర మీద చిన్న చిన్న గీతలు చూడాల్సి ఉంటుంది, అక్కడికి కనిపించవు. రండి, రండి. కిటికీ పక్కనున్న మేడమ్ గారూ, ఆ కర్టెన్ కొంచెం లాగండి. సరే.

నేను మొదలుపెట్టే ముందు మీరొక పని చేయాలి. కళ్ళు మూసుకుని, తరగతి గోడకు వేలాడే ప్రపంచ పటాన్ని తలచుకోండి. పైన తెల్లగా గ్రీన్‌ల్యాండ్ ఉంటుంది. కింద మన దేశం ఉంటుంది. ఈ రెండింటిలో ఏది పెద్దది? గ్రీన్‌ల్యాండ్ అనేవారు చేయి ఎత్తండి. సగానికి పైగానే ఉన్నారు. భారతదేశం అనేవారు? సోషల్ మాస్టార్లు చేయి ఎత్తకుండా నవ్వుతున్నారు. మీరు జవాబు చెప్పకండి, పక్కవారి ఆట పాడుచేయకండి.

దేనికి చేయి ఎత్తారో గుర్తుంచుకోండి. ఇప్పుడు తెర చూడండి. గ్రీన్‌ల్యాండ్ మీద వేలు పెట్టి కిందికి లాగుతున్నాను. భూమధ్యరేఖ వైపు వచ్చేకొద్దీ అది ఎలా కుంచించుకుపోతోందో చూస్తున్నారు కదా. ఇదిగో, మన దేశం పక్కన పెట్టాను. మన వైశాల్యం దాదాపు 32.87 లక్షల చదరపు కిలోమీటర్లు. గ్రీన్‌ల్యాండ్‌ది 21.66 లక్షలు. మనమే ఒకటిన్నర రెట్లు పెద్ద. పటం గీసినవాడు మనల్ని మోసం చేశాడా? లేదు. 1569లో మెర్కేటర్ అనే పటాల నిపుణుడు ఈ పద్ధతిని నావికుల కోసం తయారుచేశాడు. వాళ్ళకు దిక్కు తప్పకూడదు, వైశాల్యం ఎలా ఉన్నా ఫరవాలేదు. గుండ్రటి భూమిని చదునుగా పరిచి దిక్కులు నిలబెట్టాలంటే ధ్రువాల వైపు నేలను సాగదీయక తప్పదు. ఇలా లాగే పటం ‘ది ట్రూ సైజ్’ అనే పేరుతో ఉచితంగానే దొరుకుతుంది. రాసుకోండి.

పటం సంగతి అలా ఉంచండి. ఇప్పుడు నేను మీతో ఏం చేశాను? గ్రీన్‌ల్యాండ్ చిన్నదని ముందే చెప్పి ఉంటే మీరు తల ఊపి ఊరుకునేవారు. ముందు మీ చేత చేయి ఎత్తించాను. అందరి ముందూ మీరొక మాట అన్నారు. ఆ తర్వాతే బొమ్మ కదిలింది. అప్పుడు మీరు తెర వైపు చూసిన చూపు వేరు. తప్పు చెప్పినవారు ఇంకా శ్రద్ధగా చూశారు, నేను గమనించాను. ఈ గంటంతా నేను చెప్పబోయేది ఇదే. బొమ్మను ఎలా చూపించాలో మనకు బాగానే వచ్చు. ఎంతసేపు దాచాలో రాదు.

మన బడుల్లోకి పెద్ద తెరలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో నాడు–నేడు కింద ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్ళు పెట్టారు. పాఠ్యపుస్తకాల మీద క్యూఆర్ కోడ్‌లు ఉన్నాయి, స్కాన్ చేస్తే దీక్ష అనే ప్రభుత్వ యాప్‌లో పాఠం తెరుచుకుంటుంది. మంచిదే. కానీ ఒక తరగతి బయట నిలబడి పది నిమిషాలు వినండి. ఏం వినిపిస్తుంది? వీడియో గొంతు వినిపిస్తుంది. మధ్యమధ్య టీచరు ‘అర్థమైందా?’ అంటారు. పిల్లలు కోరస్‌గా ‘అర్థమైంది టీచర్’ అంటారు. తెరను ముట్టుకునే వేలు ఎవరిది? టీచరుదే. అది ఇంటరాక్టివ్ ప్యానెల్ కావచ్చు, లక్షల ఖరీదు కావచ్చు. ఆ పూటకు అది టీవీయే.

ఇది నా అభిప్రాయం మాత్రమే అనుకోకండి. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ బృందం 2004లో ఒక పరిశోధన ప్రచురించింది. తరగతిలో మనం చేసే ప్రయోగ ప్రదర్శనలు ఉంటాయి కదా, వాటి మీద. కొందరు విద్యార్థులకు ప్రదర్శన చూపించలేదు. కొందరికి ఊరికే చూపించారు. కొందరి చేత ఏం జరుగుతుందో ముందు ఊహించి చెప్పించి, అప్పుడు చూపించారు. తర్వాత పరీక్ష పెట్టారు. అది ఎందుకు అలా జరిగిందో వివరించమంటే, ఊరికే చూసినవారు అసలు చూడనివారికంటే పెద్దగా మెరుగు కాదు! ముందు ఊహించినవారు మాత్రం స్పష్టంగా ముందున్నారు. చూసిన ప్రయోగం ఒక్కటే, చూపించినవారూ వారే. తేడా అంతా చూసే ముందు గడిపిన ఆ రెండు నిమిషాల్లో ఉంది. పొడుపు కథ చెప్పి, వెంటనే మనమే విప్పేస్తే పిల్లలు ఊరుకుంటారా? ‘ఉండు, ఉండు, చెప్పకు’ అంటారు. తరగతిలో మాత్రం మనం విప్పేసిన పొడుపు కథలే చెబుతుంటాం.

ఇక ఒక్క బొమ్మ మీద కాస్త ఎక్కువసేపు ఉందాం. సోషల్ వారికే కాదు, అందరికీ పనికొస్తుంది. అమరావతి స్తూపం. పిల్లల్ని విహారయాత్రకు అక్కడికి తీసుకువెళ్ళినవారు ఎంతమంది? బాగుంది. పిల్లలు మొదట ఏమన్నారు? ‘సార్, స్తూపం ఎక్కడ?’ అన్నారు. అవునా? అక్కడ ఇప్పుడు మిగిలింది గుండ్రటి పునాది. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ అక్కడికి వచ్చాడు. 1816లో మళ్ళీ వచ్చి మనుషులను పెట్టి శిల్పాల బొమ్మలు గీయించాడు. ఈ రెండు రాకల మధ్యే దిబ్బ నడుమ చెరువు తవ్వారు, రాళ్ళు చాలా చెదిరిపోయాయి. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి, అక్కడి నుంచి 1859లో లండన్‌కు వెళ్ళాయి. కొన్ని మద్రాసు మ్యూజియంలో ఉన్నాయి, కొన్ని మన అమరావతి మ్యూజియంలో ఉన్నాయి. మరి స్తూపం ఎలా ఉండేదో పిల్లవాడికి ఎలా చూపిస్తారు?

అదృష్టం ఏమిటంటే, ఆ శిల్పులు స్తూపాన్ని స్తూపం మీదే చెక్కారు. బ్రిటిష్ మ్యూజియంలో ఒక సున్నపురాయి పలక ఉంది. స్తూపం అడుగుభాగానికి అమర్చిన పలక. దాని మీద పూర్తి స్తూపం ఉంది. దాని ఫొటోను వారి వెబ్‌సైటులో చూడవచ్చు, దగ్గరికి లాగి చూసేంత స్పష్టంగా ఉంటుంది.

మామూలుగా మనం ఏం చేస్తాం? మొత్తం బొమ్మ తెర మీద వేసి, ‘ఇది అండం, ఇది వేదిక, ఇవి ఆయక స్తంభాలు’ అని కర్రతో చూపిస్తాం. పిల్లలు రాసుకుంటారు. అయిపోయింది. ఇప్పుడు నా పద్ధతి చూడండి. బొమ్మనంతా కప్పేశాను. పైన ఒక మూల మాత్రమే తెరిచాను. ఏం కనిపిస్తోంది? చెప్పండి. అవును, మనుషులు. కాళ్ళు చూడండి. నిలబడ్డారా, కూర్చున్నారా? ఎగురుతున్నారు. ఎగిరే మనుషులుంటే ఆ చోటు ఎలాంటిది అయ్యుంటుంది? పిల్లలు ‘స్వర్గం’ అంటారు, ‘సినిమా’ అంటారు, ఒకడు తప్పకుండా ‘సర్కస్’ అంటాడు. అన్నీ రాయండి. ఏదీ కొట్టేయకండి. ఇప్పుడు కింది భాగం తెరవండి. ద్వారం దగ్గర సింహాలు. సింహం బతికున్నదా, రాతిదా? ఇది చాలా మంచి ప్రశ్న, ఎందుకంటే రాతి మీద చెక్కిన రాతి సింహం అది. ఎలా తెలుసు? స్తంభం మీద కూర్చుంది. ఆ మాట పిల్లల నోట రావాలి. అప్పుడు మధ్య భాగం తెరవండి. పక్కపక్కనే నిలువు స్తంభాలు. లెక్కపెట్టమనండి. ఐదు. ఇందాకటి ఆయక స్తంభాలు ఇవే. అలాంటి ఐదేసి స్తంభాలు నాలుగు దిక్కులా ఉండేవి. అయితే మొత్తం ఎన్ని? లెక్కల మాస్టారు కూడా లోపలికి వచ్చేశారు చూడండి. ఇప్పుడు పిల్లలను, పై నుంచి పక్షి చూస్తే ఈ స్తూపం ఎలా కనిపిస్తుందో కాగితం మీద గీయమనండి. ఎదుటి నుంచి చూసిన బొమ్మను పై నుంచి చూసిన బొమ్మగా మార్చడం ఉంది చూశారూ, పదో తరగతి పిల్లలకు కూడా చెమట పడుతుంది.

అసలు రుచి ఇంకా ఉంది. ఆ పలకకు వెనక వైపు కూడా శిల్పం ఉంది! ముందు వైపుది సుమారు క్రీస్తు శకం 3వ శతాబ్దానిది. వెనక వైపుది దానికి ఇంచుమించు మూడు వందల ఏళ్ళ ముందుది, క్రీస్తు పూర్వం 1వ శతాబ్దానిది. తెర మీద పలకను తిప్పే ముందు ఆగండి. ఒక్కటే అడగండి. ‘వెనక ఏముంటుంది?’ చాలామంది ‘బుద్ధుడు’ అంటారు. తిప్పండి. చెట్టు ఉంది. దాని కింద సింహాసనం ఉంది. చుట్టూ మొక్కేవారున్నారు. బుద్ధుడు ఎక్కడ? వెతకమనండి. పిల్లలు తెర దగ్గరికి లేచి వస్తారు. రానివ్వండి, కూర్చోమనకండి. సింహాసనం ఖాళీగా ఉంది. ఆ కాలంలో బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కలేదు, చెట్టుతో, ఖాళీ ఆసనంతో సూచించారు. ఈ వాక్యం మన పుస్తకాల్లో ఎప్పటి నుంచో ఉంది. ఒక్క పిల్లవాడికైనా గుర్తుందా? వెతికి దొరకని బుద్ధుణ్ణి మాత్రం ఎవరూ మరచిపోరు. ఆఖరు ప్రశ్న: చెక్కిన రాయిని ఎందుకు తిరగేసి మళ్ళీ చెక్కారు? స్తూపాన్ని కొత్తగా అలంకరించినప్పుడు పాత పలకను తిప్పి వాడుకున్నారని పిల్లలే చెబుతారు. ఇంట్లో నోటుబుక్కు వెనక పేజీలు వాడుకునే పిల్లలు కదా.

ఇందులో నేను వాడిన సాంకేతికత ఏమిటి? బొమ్మ మీద నాలుగు నల్లటి చతురస్రాలు. అంతే. ప్యానెల్ లేని బడిలో అట్టముక్కకు కిటికీ కోసి, ముద్రించిన ఫొటో మీద జరిపినా ఇదే పాఠం జరుగుతుంది. కరెంటు పోయినా జరుగుతుంది.

సైన్స్ వారు అలిగినట్టున్నారు. వస్తున్నాను.

గుండె బొమ్మ. మనందరం గీయించే బొమ్మే. పేర్లున్న బొమ్మను కంఠస్థం చేయించి, పరీక్షలో పేర్లు లేని బొమ్మ ఇస్తాం. తెర మీద పేర్లను విడివిడిగా పెట్టి, లాగి సరైన చోట పెట్టమనవచ్చు. బాగానే ఉంటుంది. కానీ అది కూడా కంఠస్థమే, వేలితో చేసే కంఠస్థం. అందుకే ప్రశ్న మార్చండి. పేర్లు కాదు, రంగులు వేయమనండి. మంచి రక్తానికి ఎరుపు, చెడు రక్తానికి నీలం అని మనం చెబుతాం. ‘పుపుస ధమనికి ఏ రంగు?’ అని అడగండి. ధమని అనగానే ఎరుపు అంటారు. గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్ళేది ఏ రక్తం? ఆక్సిజన్ తక్కువున్న రక్తం. కాబట్టి నీలం. అంతలో ఎవరో ఒకరు అడుగుతారు, ‘మేడమ్, మన లోపల రక్తం నిజంగా నీలంగా ఉంటుందా?’ అడగకపోతే మీరే అడగండి. ఉండదు. అది ముదురు ఎరుపే. నీలం అచ్చు వేసినవారి సౌకర్యం. ఇంకొకటి, గుండె ఎడమ భాగం బొమ్మలో మన కుడి చేతి వైపు ఎందుకుంటుంది? ఎదుటి మనిషి గుండె అది. ఇద్దరు పిల్లలను ఎదురెదురుగా నిలబెట్టి చూపించండి, అరనిమిషం చాలు. ఈ పనికి ప్యానెల్ అక్కర్లేదు.

భౌతికశాస్త్రానికి ఫెట్ ఉంది, తెర మీదే ప్రయోగాలు చేసి చూసే ప్రోగ్రాములు. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టారు. ఉచితం, దించుకుంటే నెట్ లేకుండా నడుస్తుంది, కొన్నింటికి తెలుగు అనువాదం కూడా ఉంది. అందులో విద్యుత్ వలయాలు కట్టే పనిముట్టు ఉంది. 2005లో దీని మీద ఒక పరిశోధన వచ్చింది. కాలేజీ విద్యార్థుల్లో కొందరు నిజమైన తీగలు, బల్బులతో చేశారు, కొందరు కంప్యూటర్ మీద చేశారు. తర్వాత అందరికీ నిజమైన సామాను ఇచ్చి వలయం కట్టమంటే, కంప్యూటర్ మీద నేర్చుకున్నవారే మెరుగ్గా కట్టారు! ఎందుకు? తెర మీద ఎలక్ట్రాన్ల కదలిక కనిపిస్తుంది, నిజమైన తీగలో కనిపించదు. దీన్ని విని ‘అయితే ల్యాబ్ సామాను అక్కర్లేదు’ అని పై అధికారులకు చెప్పకండి, నా పేరు అస్సలు చెప్పకండి. చివరికి వారు కట్టింది నిజమైన తీగలతోనే అన్నది మరవొద్దు.

ఇక్కడ కూడా అదే పద్ధతి. ఒకేలాంటి రెండు బల్బులు శ్రేణిలో, అంటే ఒకదాని తర్వాత ఒకటి, పెట్టండి. స్విచ్ వేయకండి. ‘బ్యాటరీకి దగ్గరున్న బల్బు ఎక్కువ వెలుగుతుందా?’ అడగండి. మొదటి బల్బు కొంత కరెంటు తినేస్తుందని చాలామంది నమ్ముతారు. వేళ్ళతో ఓటు వేయించండి: మొదటిది అయితే ఒక వేలు, రెండోది అయితే రెండు, సమానం అయితే మూడు. చేతులు గుండె దగ్గర పెట్టుకోవాలి, పక్కవాడికి కనిపించకూడదు. అప్పుడు స్విచ్ వేయండి. వేసేది మీరు కాదు, తప్పుగా ఓటు వేసిన పిల్లవాడు. ఒక జాగ్రత్త ఉంది. ఆ నీలం గుండ్లు చకచకా పరుగెడుతుంటే పిల్లలు ఎలక్ట్రాన్లు అంత వేగంగా పోతాయనుకుంటారు. నిజమైన తీగలో అవి నత్త కంటే నెమ్మదిగా జరుగుతాయి. అర్థం కావడం కోసం బొమ్మ అబద్ధం చెబుతుంది. చెప్పనివ్వండి, కానీ పాఠం చివర ‘ఈ బొమ్మలో అబద్ధం ఏమిటి?’ అని అడగడం మరవకండి. నాకు నచ్చిన ప్రశ్నల్లో అది మొదటిది.

ఏలూరు వైపు నుంచి వచ్చినవారు ఉన్నారా? అయితే ఇది మీ కోసం. గూగుల్ ఎర్త్‌లో 1984 నుంచి ఉపగ్రహ చిత్రాలను వరుసగా చూడవచ్చు. కొల్లేరు తెరవండి. పాత చిత్రాన్నీ కొత్త చిత్రాన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి, మధ్య గీతను అటూ ఇటూ జరపండి. పిల్లలను ముందు గీయమనండి: బుడమేరు, తమ్మిలేరు ఎటు నుంచి వస్తాయి, ఉప్పుటేరు ఎటు పోతుంది, మధ్యలో సరస్సు ఏ ఆకారంలో ఉంటుంది? గీశాక తెర జరపండి. పాత చిత్రంలో అంచులు తెలియని నీరు, గడ్డి. తర్వాతి చిత్రాల్లో స్కేలుతో గీసినట్టు చతురస్రాలు. ‘ప్రకృతి ఇంత తిన్నగా గీస్తుందా?’ అని అడగండి. చేపల చెరువులని వారికి మీకంటే ముందే తెలుసు. 1999లో అయిదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి అయిదు అడుగుల ఎత్తు గీత వరకు, అభయారణ్యం చేశారు, 2002లో చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా అయిన రామ్సర్ జాబితాలో చేరింది, 2006లో చెరువుల గట్లు కొట్టేశారు. ఏ ఏడాది చిత్రంలో గట్లు కనబడటం లేదో, మళ్ళీ ఎప్పుడు కనిపించాయో పిల్లలే పట్టుకుంటారు.

ఇక్కడ కొంచెం మెల్లగా నడవండి. ఆ తరగతిలో చెరువు ఉన్నవారి అబ్బాయి ఉంటాడు. అదే చెరువులో కూలికి వెళ్ళేవారి అమ్మాయి ఉంటుంది. సరస్సులో వల వేసే ఇంటి పిల్ల ఉంటుంది. తెర మీద కనిపించే చతురస్రం ఎవరికో అన్నం. ‘ఎవరిది తప్పు?’ అని అడగకండి. ‘వరద వస్తే నీరు ఎటు పోవాలి?’ అని అడగండి. జవాబు బొమ్మలోనే ఉంది, ఎవరి ఇంటికీ పోనక్కర్లేదు. తెర మీద తమ సొంత ఊరు వచ్చినప్పుడు పిల్లలు మాట్లాడే తీరే వేరు, ఎప్పుడూ నోరు విప్పనివాడు కూడా ‘అది మా తాతయ్య చెరువు గట్టు’ అంటాడు.

ఇక పనిముట్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. బొమ్మ మీద తాకితే వివరం తెరుచుకునే చుక్కలు, రెండు బొమ్మలు పోల్చే గీత, లాగి పెట్టే పేర్లు, ఇవన్నీ తయారుచేసుకోవడానికి హెచ్5పీ ఉంది. లూమి అనే ఉచిత ప్రోగ్రాం మీ ల్యాప్‌టాప్‌లో పెట్టుకుంటే నెట్ లేకుండానే చేసుకోవచ్చు, ఒకే ఫైలుగా పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఏ ప్యానెల్ మీదైనా తెరవచ్చు. తెలుగు యూనికోడ్‌లో టైపు చేస్తే చక్కగా వస్తుంది. ఫొటోల కోసం వికీమీడియా కామన్స్‌లో వెతకండి, తీసినవారి పేరు కింద రాయండి. పిల్లలకు అది కూడా పాఠమే. చుక్కలు మాత్రం ఐదారు దాటనివ్వకండి. తళుక్కుమనేవి, మోగేవి, తిరిగేవి పెట్టకండి. కాలిఫోర్నియాలో రిచర్డ్ మేయర్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త దశాబ్దాలుగా పరిశీలించి చెప్పింది ఇదే: పాఠానికి సంబంధం లేని హంగు నేర్చుకోవడాన్ని తగ్గిస్తుంది, పేరు ఆ భాగం పక్కనే ఉండాలి, కింద పట్టికలో కాదు.

చూపు సరిగా లేని పిల్లలు మీ తరగతిలో ఉంటే బొమ్మను తోటి విద్యార్థి చేత మాటల్లో చెప్పించండి. చెప్పేవాడు ఎన్నిసార్లు మళ్ళీ తెర వైపు చూస్తాడో గమనించండి.

‘సిలబస్ ఎప్పుడు పూర్తిచేయాలి?’ అని మూడో వరుసలో మాస్టారు పక్కవారితో అంటున్నారు, నాకు వినిపించింది. ప్రతి పాఠానికీ ఇలా చేయమని నేను అనలేదు మాస్టారూ. యూనిట్‌కు ఒక్క బొమ్మ చాలు. పిల్లలు ఎప్పుడూ ఎక్కడ తప్పు చేస్తారో మీకు తెలిసిన చోటే ఆ బొమ్మ పెట్టండి. పేపర్లు దిద్దేది మీరే కదా, ఆ చోటు మీకంటే ఎవరికి తెలుసు?

సరే, ఇప్పుడు టీ తాగి వచ్చాక అందరికీ పని ఉంది. ఒక్కో బల్లకు ఒక బొమ్మ ఇస్తాను. ఏ భాగం ముందు తెరవాలి, ఏ భాగం చివరి దాకా దాచాలి, తెరిచే ముందు ఏం అడగాలి, ఈ మూడే రాయాలి. సమాధానాలు రాయొద్దు. రాసిన బల్లవారు వచ్చి మిగతావారికి పాఠం చెప్పాలి, ప్యానెల్‌ను మాత్రం ముట్టుకోకూడదు. మొదటి బల్ల లెక్కలవారిది. ఇందాకటి నుంచి తప్పించుకుంటున్నారు.